బుధవారం వచ్చిన సెలవు

మా అక్కని బస్సు డిపోలో అందరూ చార్టక్క అంటారు. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, ఎన్నింటికి దిగాలో, ఎవరికి ఎప్పుడు వారపు సెలవో రాసే పని ఆమెది. నూట నలభై మంది డ్రైవర్లు, అంతకు మించి కండక్టర్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ, అదే స్కేలు, ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను. కంప్యూటరు వచ్చాక కూడా ముందు కాగితం మీద గళ్ళు గీసి నింపుకుంటుంది, తర్వాతే అందులోకి ఎక్కిస్తుంది. కంప్యూటర్ని నమ్మవా అని అడిగితే, నమ్ముతాను కానీ ఎవరి భార్యకి నెలలు నిండాయో దానికి తెలీదు కదా అంటుంది.

ఆమె చార్టులో ఖాళీ గడి ఉండదు. ఎవరికో జ్వరం వస్తుంది, ఎవరో అలిగి రాడు, ఎవరి మామగారో పోతాడు. అక్క తల గోక్కుని, ఇంకెవరినో బతిమాలి, ఆ గడి నింపాకే లేస్తుంది. మా బావ కూడా ఆ డిపో డ్రైవరే. మూడేళ్ళు కాపురం చేసి, ఒక రోజు చెప్పాపెట్టకుండా వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు, ఆయన రిటైరయ్యేదాకా, ఆయన డ్యూటీలు రాసింది మా అక్కే. ఒక్కటంటే ఒక్క పాడు రూటు వెయ్యలేదు. నేనైతే రోజూ చెత్త డంపు మీదుగా పోయే బండే ఎక్కించేవాణ్ణి. అలా అంటే, చార్టులో మొగుడూ పెళ్ళాలు ఉండర్రా, నంబర్లే ఉంటాయి అనేది. నాకు ఒళ్ళు మండేది.

ఇక నా సంగతి. నేను బేకరీలో పొయ్యి దగ్గర మనిషిని. రాత్రి పదకొండుకి ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఊరు తినే రొట్టె కాలుస్తున్నాను, నాకు మాత్రం రొట్టె వాసనంటే వికారం. పెళ్ళి చేసుకోలేదు. నిద్రపోవడానికే టైము లేనివాడికి పెళ్ళెందుకని అక్కే ఎగతాళి చేసేది.

మా నాన్న లిఫ్టు మెకానిక్కు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేసి, తాను మాత్రం లిఫ్టు లేని మేడలో రెండో అంతస్తులో అద్దెకున్నాడు. అక్క ఆయనతోనే ఉండేది. నేను రెండు వీధుల అవతల ఒక గదిలో. నాన్నకి ఎనభై ఆరు దాటాక చెవులు పోయాయి, మోకాళ్ళు పోయాయి, ఫోనులో బొత్తాలు కనిపించడం మానేశాయి. బుర్ర మాత్రం స్క్రూ డ్రైవరులా పనిచేసేది. ఎవరైనా పలకరించడానికొస్తే, వాళ్ళుండే మేడలో లిఫ్టు ఏ ఏడు పెట్టారో, దాన్ని ఎవడు పాడుచేశాడో చెప్పి పంపేవాడు.

ఆయనకి ఒక్కటే భయం. ముప్ఫై ఏళ్ళ వయసులో, ఒక సెలవు రోజున, ఏదో ఆఫీసు మేడలో లిఫ్టు చూడ్డానికి వెళ్ళి అందులోనే ఇరుక్కుపోయాడు. మేడలో మనిషి లేడు. కాపలావాడు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఊడ్చేవాళ్ళు వచ్చి వినేదాకా, పంతొమ్మిది గంటలు ఆ పెట్టెలో ఒక్కడే కూర్చున్నాడు. చీకటి వల్ల కాదురా భయం, ఎవరూ రారేమో అని భయం అనేవాడు. ముసలితనం మీద పడ్డాక ఆ మాట ఇంకో రకంగా అనడం మొదలుపెట్టాడు. పోవడానికి భయం లేదు, పోయేటప్పుడు గదిలో ఎవరో ఒకరు ఉంటే చాలు అని. ఏమీ మాట్లాడక్కర్లేదట, అక్కడ పేపరు చదువుకుంటున్నా ఫరవాలేదట.

అక్క ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. "నువ్వు ఒక్కడివే ఉండవు నాన్నా. నేనో వాడో ఉంటాం." ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. తలూపాను.

మాటిచ్చి ఊరుకునే మనిషి కాదు కదా, ఆ సాయంత్రమే చార్టు గీసింది. డిపోలో వాడే గళ్ళ కాగితమే. వంటింట్లో అలమారు తలుపుకి లోపలివైపు అతికించింది. ఎర్ర గళ్ళు తనవి, నీలం గళ్ళు నావి. సోమవారం నుంచి శనివారం దాకా ఆమెకి మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా డిపోలో డ్యూటీ. కాబట్టి రాత్రీ పొద్దుటా నాన్న దగ్గర ఆమె, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నేను. ఆదివారం మాత్రం తిరగబడేది. ఆ రోజు బస్సులు తక్కువ, ఆమెకి తెల్లవారుజామున అయిదింటికే డ్యూటీ. నాన్నకి తెల్లవారుజామున కన్నంటుకుంటే ఎనిమిది దాకా లేవడు. నేను బేకరీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, ఒకటిన్నరకి ఆమె తిరిగొచ్చేదాకా ఉండేవాణ్ణి.

అయిదు నెలలు ఇలాగే నడిచింది. నడిచిందని ఒక్క మాటలో రాసేశాను గానీ, ఆ అయిదు నెలలూ మేమిద్దరం మనుషుల్లా లేము. నేను రోజుకి నాలుగు గంటలు పడుకునేవాణ్ణి. ఆమెకి అదీ లేదు, రాత్రంతా నాన్న దగ్గు వింటూ కూర్చునేది. గుమ్మం దగ్గర ఒకరు వస్తూ ఒకరు వెళ్తూ, మాత్ర వేశాను, స్నానం కాలేదు, బట్టలు ఆరేశాను అని రెండు ముక్కలు చెప్పుకోవడమే మాకు మిగిలిన అక్కాతమ్ముళ్ళ కబుర్లు. నాన్న మీద విసుగు వచ్చేది. వచ్చినందుకు నా మీద నాకు అంతకంటే ఎక్కువ విసుగు వచ్చేది. మనుషులు సేవ, పుణ్యం అని పెద్ద పెద్ద మాటలంటారు. వాళ్ళని వారం రోజులు వచ్చి చెయ్యమనండి, అప్పుడు మాట్లాడదాం.

ఆ అయిదు నెలల్లో వారం మధ్యలో సెలవు రావడం అదే మొదటిసారి. బుధవారం వచ్చింది.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. డిపోవాళ్ళకి సెలవు రోజంటే ఆదివారమే. అది మంగళవారం పడనీ, గురువారం పడనీ, ఆ రోజు ఆదివారం బస్సులే తిరుగుతాయి, ఆదివారం డ్యూటీలే నడుస్తాయి. ఎవరూ ఎవరికీ చెప్పరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్క బుర్రలో ఆ లెక్క ముద్రపడిపోయింది. మాకు, అంటే బేకరీవాళ్ళకి, సెలవు రోజంటే ఏమీ కాదు. బుధవారం బుధవారమే, కాకపోతే ముందు రాత్రి చాకిరీ మూడింతలు. క్యాలెండర్లో ఎర్ర అంకె కనబడితే అందరికీ ఒళ్ళు పులకరిస్తుంది, మాకు నడుము నొప్పి మొదలవుతుంది. సెలవని మాకు ఒక్క పూట పని కూడా తగ్గదు.

మంగళవారం రాత్రి బేకరీవాళ్ళు రెండు గంటలు ముందే రమ్మన్నారు. నాన్నకి అన్నం పెట్టి, మాత్ర వేసి, నిద్రపట్టాక తలుపు దగ్గరగా వేసి వెళ్ళాను. అక్క పదిన్నరకి వచ్చేసరికి నేను లేను. గుమ్మం దగ్గరి రెండు ముక్కలు ఆ రోజు లేవు. బుధవారం తెల్లవారుజామున సెలవు కాబట్టి ఆదివారం డ్యూటీకి అక్క వెళ్ళిపోయింది, ఎనిమిదికి తమ్ముడొస్తాడు కదా అని. నేను బేకరీ దిగి నా గదికి వెళ్ళి పడుకున్నాను, బుధవారం పొద్దుట అక్కదే కదా అని. అలమారు తలుపు మీది చార్టులో సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు వరుసలున్నాయి. సెలవు రోజుకి వరుస లేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఒకటిన్నరకి నేను మెట్లెక్కుతున్నాను. మొదటి అంతస్తు మలుపులో వెనక చెప్పుల చప్పుడైతే తిరిగి చూశాను. అక్క. చేతిలో టిఫిను డబ్బా, భుజానికి డిపో సంచీ.

"నువ్వు ఎక్కణ్ణుంచిరా? నాన్నని వదిలేసి ఎక్కడికెళ్ళావు?" అంది.

"నువ్వు ఎక్కణ్ణుంచి?" అన్నాను.

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నా జేబులో నా తాళం చెవి, ఆమె వేళ్ళకి ఆమె తాళం చెవి. ఆ మెట్ల మీద ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, రెండు మూడు క్షణాలే అయ్యుంటుంది. తర్వాత ఆమె నన్ను తోసుకుని పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రెండేసి మెట్లు.

నాన్న మంచం మీద లేడు. వంటింట్లోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి, వీధి తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. అంత దూరం కుర్చీ ఎలా ఈడ్చాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. చేతికర్ర ఒళ్ళో అడ్డంగా ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. ఒళ్ళు చల్లగా ఉంది. అక్క ఆయన ముందు నేల మీద కూర్చుని, నాన్నా నాన్నా అని నెమ్మదిగా పిలిచింది, నిద్ర లేపుతున్నట్టు. చెవులు వినిపించని మనిషిని అంత నెమ్మదిగా ఎవరూ పిలవరు.

కింది వీధి డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి నాలుగైంది. తొమ్మిదిన్నర, పది మధ్య పోయి ఉంటాడన్నాడు. బాధపడి ఉండడని కూడా అన్నాడు. అది వాళ్ళు అందరికీ చెప్పేదే.

సెలవు కావడంతో అన్నీ మూతే. శ్మశానం ఆఫీసు మూత, రిజిస్ట్రేషను ఆఫీసు మూత, బండివాడు ఊళ్ళో లేడు. నాన్న ఒక రాత్రంతా ఇంట్లోనే ఉన్నాడు, మంచు దిమ్మెల మధ్య. ఆ రాత్రి మాత్రం ఇద్దరం ఆయన పక్కనే కూర్చున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మర్నాడు ఆఫీసులో గుమాస్తా కాగితం ఇచ్చి నింపమన్నాడు. పేరు, వయసు, చిరునామా, చేసిన పని. ఆ తర్వాత, పోయిన సమయంలో దగ్గర ఉన్నవారి పేరు. అక్క పెన్ను అక్కడ ఆగింది. ఎవరూ లేకపోతే గీత కొట్టెయ్యమ్మా, ఏం కాదు అన్నాడు గుమాస్తా. అక్క గీత కొట్టలేకపోయింది. కాగితం నా వైపు తోసింది. నేను కొట్టాను.

చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, ఆ సాయంత్రం దిగింది. ఆవిడ ఏడ్పులోనే తిట్లు ఉంటాయి. ఇద్దరు బిడ్డలు బతికుండి, మహారాజులాంటి మనిషిని అనాథలా పంపారన్నది. పెట్టే చెయ్యి కాదు, కడుపులో ప్రేమ ఉండాలన్నది. ఇంటి నిండా జనం. అందరూ ఆమె మాట వింటూ మా వైపు చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గోడకి జరిగాను.

అక్క తలెత్తి, "తప్పు నాదే అత్తా. చార్టు నేనే వేశాను. వాడికి తెలీదు" అంది.

అందరూ అక్క వైపే చూశారు. నేను నోరు విప్పలేదు. చిన్నత్త నా తల నిమిరి, వెర్రి వెధవా, నువ్వేం చేస్తావులే అంది.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఒక ముక్క మింగేశాను. అది కూడా కక్కేస్తే గానీ మిగతాది అర్థం కాదు. ఆ బుధవారం పొద్దున బేకరీ నుంచి నేను తిన్నగా నా గదికి పోలేదు. నాన్న ఉండే మేడ దారిలోనే ఉంది. ఎనిమిదీ పదికి ఆ మేడ కింద ఉన్నాను. వీధిలో బస్సులు కనబడలేదు, పిల్లలు రోడ్డు మధ్యలో బంతాడుతున్నారు. సెలవు కదా, మరి అక్క డ్యూటీ ఏమిటి అని తట్టింది. స్పష్టంగానే తట్టింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. చేస్తే, డిపోలో ఉన్నానంటుందేమో. అంటే మెట్లెక్కాలి. ఎక్కితే ఒకటిన్నర దాకా నిద్ర లేదు. పదకొండు గంటలు పొయ్యి ముందు నిలబడి వచ్చాను, కాళ్ళు నావి కావు. ఆఁ, ఇంట్లోనే ఉండుంటుందిలే అనుకున్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాను. మేడ వైపు తలెత్తి కూడా చూడలేదు, చూస్తే కిటికీలో నాన్న కనిపిస్తాడేమోనని. వెళ్ళి పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది. అదే నన్ను తినేస్తున్న సంగతి.

నాన్న పోయాక అక్క డబల్ డ్యూటీలు వేసుకోవడం మొదలుపెట్టింది. మనిషి సగమైంది. డిపోలో డ్రైవర్లు ఆమెని చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని ఒక కండక్టరు నాతో అన్నాడు. నాకు ఎన్నిసార్లో చెబుదామనిపించింది. తిన్నగా ఆమె ముందుకొచ్చేసరికి బేకరీ సంగతేదో మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఆమె నన్ను కాపాడింది, నేను కాపాడనిచ్చాను. తమ్ముళ్ళు చేసే పని ఇదేనా అని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి, తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఆరు వారాల తర్వాత, ఒక శుక్రవారం పొద్దున, బేకరీ దిగి ఆ మెట్లెక్కాను. ఎవరూ రమ్మనలేదు. అక్క తలుపు తీసి, ఏరా అని కూడా అడక్కుండా టీకి నీళ్ళు పెట్టింది. చక్కెర కోసం అలమారు తలుపు తీశాను. చార్టు ఇంకా అక్కడే ఉంది. ఆదివారం వరుస కింద స్కేలు పెట్టి కొత్త వరుస గీసి ఉంది. సెలవు రోజులు అని రాసి, గళ్ళన్నీ నింపి ఉంది. అన్నీ ఎర్రవే. నా పేరు ఒక్క గడిలో కూడా లేదు.

చక్కెర డబ్బా అక్కడే పెట్టేశాను.

"అక్కా, ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నేను కిందే ఉన్నాను."

"ఎక్కడ కింద?"

"ఈ మేడ కింద. నువ్వు డ్యూటీకి వెళ్ళిపోయావేమో అని అనుమానం వచ్చింది. ఫోన్ చేస్తే పైకి రావాల్సొస్తుందని చెయ్యలేదు. వెళ్ళి పడుకున్నా."

ఆమె టీ గిన్నెనే చూస్తూ నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. టీ పొంగి పొయ్యి మీద పడింది. ఆమె మంట ఆపింది, గుడ్డ తీసుకుని తుడిచింది, గుడ్డ పిండి ఆరేసింది. అప్పుడు వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకు ఎనిమిదిన్నరకి వచ్చింది" అంది.

"ఏంటి?"

"అనుమానం. సెలవంటే వాడికి ఆదివారం కాదు కదా అని. ఫోన్ బల్ల మీద ఎదురుగానే ఉంది. చేస్తే నువ్వు రాలేదంటావు. అప్పుడు ఎవర్నో బతిమాలి కూర్చోబెట్టి నేను పరుగెత్తుకు రావాలి. ఆ పూట డిపోలో ఎంత నిశ్శబ్దంగా ఉందనుకున్నావు. అయిదు నెలల్లో నన్ను ఎవరూ పిలవని గంట అదొక్కటేరా. ఇంకో అరగంట కూర్చుని చేద్దాంలే అనుకున్నాను. కుర్చీలోనే నిద్రపట్టేసింది. లేచేసరికి పదకొండు. ఇంతసేపూ ఫోన్ రాలేదంటే నువ్వు ఉన్నట్టేలే అని సర్దిచెప్పుకున్నాను."

నేను మనసులో గంటలు లెక్క చూసుకున్నాను. తొమ్మిదిన్నర, పది. నాన్న తలుపు ముందు కుర్చీ వేసుకుని మాలో ఎవరో ఒకరు వస్తారని చూస్తున్నప్పుడు, నేను గదిలో నిద్రపోతున్నాను, అక్క డిపోలో నిద్రపోతోంది. తప్పు చార్టుది కాదు. చార్టులో లోటు ఉందని ఇద్దరికీ ముందే తట్టింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మాకు ఇద్దరికీ దోసిళ్ళ నిండా దక్కింది.

"మరి అత్త ముందు అంతా నీ మీదే ఎందుకు వేసుకున్నావు?"

"చార్టు తప్పంటే అందరూ నమ్మారు. ఊరుకున్నారు. ఇంకేమీ అడగలేదు" అంది. "నువ్వు నోరెత్తుతావేమో అని భయపడ్డానురా. నువ్వు మాట్లాడితే నేనూ చెప్పాల్సొచ్చేది."

ఏడుపొచ్చింది. ఇద్దరికీ వచ్చింది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు, ఆ రోజు పనులే సరిపోయాయి. ఏడిస్తే గుండె బరువు తగ్గుతుందంటారు. నాకేమీ తగ్గలేదు. కళ్ళు మండాయి, తల బరువెక్కింది, అంతే.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, రాత్రుళ్ళు తాను కునుకు తీస్తే నాన్న లేపేవాడు కాదని చెప్పింది. దాహమైనా, దుప్పటి జారినా, తెల్లవారేదాకా అలాగే ఉండేవాడట. పిలవొచ్చు కదా అని తిడితే, పడుకున్నావుగా అనేవాడట. మధ్యాహ్నాలు నేను ఆయన మంచం పక్కన నేల మీద ఒరిగిపోతే, నన్నూ ఏనాడూ లేపలేదు. ఆ సంగతి నేను చెప్పాను. ఇద్దరం కాసేపు దాన్నే పట్టుకుని కూర్చున్నాం. అది ఓదార్పు అవుతుందేమో అని చూశాం. కాలేదు. ఆయన మమ్మల్ని అడిగింది నీళ్ళు కాదు, దుప్పటి కాదు. అడిగింది ఒక్కటే.

రెండింటికి ఆమె డ్యూటీ ఉంది. వెళ్ళి స్నానం చెయ్యి అన్నాను. వెళ్తాలే అంది గానీ లేవలేదు. నాన్న మంచం మీద పక్క ఇంకా తియ్యలేదు. ఆమె దాని మీద ఒక అంచున పడుకుంది. నేను కింద, మామూలుగా ఒరిగేచోట ఒరిగాను.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. నాలుగో, నాలుగున్నరో. బల్ల మీద అక్క ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. డిపో నుంచే. నేను లేవబోయాను.

"ఉండనీరా" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "నువ్వు వెళ్ళిపోకు. ఇక్కడే ఉండు."

ఉన్నాను.